మూడవ తీగె

కువైటునందు పని చేయుచున్న మనవారు ఇంటికి ఫోను చేసినప్పుడు జీతమును గూర్చియు, ఎండను గూర్చియు, ఆకామా పొడిగింపును గూర్చియు చెప్పుదురు. గదిలోని బట్టలుతుకు యంత్రమును ముట్టుకొనినప్పుడెల్ల చేయి జివ్వుమనుచున్నదని మాత్రము చెప్పరు. అది చెప్పదగినంతటి సంగతియని వారికి తోచదు. అడుగవలెనని ఇంటివారికిని తోచదు. అందుచేతనే దానిని గూర్చి ఇక్కడ కొంత విపులముగా వ్రాయవలసియున్నది.

కువైటు పట్టణమునకు దక్షిణముననున్న మహబూలా, మంగాఫ్, ఫహాహీల్ పేటలయందును, విమానాశ్రయమునకు చేరువనున్న జలీబ్ అల్ షుయూఖ్, ఫర్వానియా, ఖైతాన్ ప్రాంతములయందును తెలుగువారు వేలకొలదిగా నివసించుచున్నారు. కడప, చిత్తూరు సీమలనుండియు గోదావరి జిల్లాలనుండియు వెళ్లినవారు వారిలో అధికము. తోటల కుటుంబములనుండియు ఒకరిద్దరు బయలుదేరుట కలదు. వీరిలో ఇండ్లలో పనిచేయు స్త్రీలు యజమానుల గృహములయందే యుందురు. పురుషులు పలువురు కలిసి ఒక గదిని అద్దెకు తీసికొందురు.

అట్టి గది నొకదానిని మనస్సునందు తలంచుకొనుడి. ఆరుగురు మనుష్యులు, ఆరు మంచములు, ఒక ఫ్రిజ్జు, స్నానపు గది తలుపు చెంత ఒక బట్టలుతుకు యంత్రము. ఆ యంత్రము పాత సామాను సంతలో చవుకగా దొరకినది. కొనునప్పుడు అమ్మినవాడు దానిని త్రిప్పి చూపించెను, చక్కగా తిరిగినది. గదికి తెచ్చిన తరువాత దాని ప్లగ్గు గోడలోని సాకెట్టునకు సరిపడకపోగా నడుమ ఒక అడాప్టరును తగిలించిరి. ఒకటి రెండు మాసములు గడచినవి. ఒకనాడు తడి చేతితో మూత తీసినవానికి జివ్వుమనెను. అతడు తక్కినవారితో చెప్పగా, "చెప్పులు తొడుగుకొని ముట్టుకో" యని వారు బదులు చెప్పిరి. ఆనాటినుండి ఆ గదిలో అదియే ఆచారమైనది. ఇట్టి గదులు ఒకటి రెండు కావు. యంత్రము తిరుగుచున్నంత కాలము దానియందు దోషమున్నదని ఎవ్వరును ఒప్పుకొనరు. అయితే తిరుగుట వేరు, క్షేమముగా నుండుట వేరు. తిరుగుటకు రెండు తీగెలు చాలును. మూడవ తీగె మనుష్యుని కొరకైనది.

మొదటి తీగె కరెంటును తెచ్చును. దీనిని ఫేజు అందురు. రెండవది దానిని తిరిగి కొనిపోవును, ఇది న్యూట్రలు. మూడవదియైన ఎర్తు తీగె యంత్రముయొక్క ఇనుప ఒంటికి బిగింపబడి, ప్లగ్గులోని పెద్ద పుల్ల గుండ, గోడలోని తీగె గుండ భూమికిని కట్టడముయొక్క ఎర్తు వ్యవస్థకును చేరియుండును. దోషము లేని దినములలో దానియందు చెప్పుకొనదగిన కరెంటు ప్రవహింపదు. కావుననే అది తెగిపోయినను ఎవరికిని తెలియదు. దీపము వెలుగును, మోటారు తిరుగును, ఫ్రిజ్జు చల్లబడును. లోపల ఫేజు తీగెపై తొడుగు అరిగి యంత్రముయొక్క ఇనుప రేకునకు తగిలిన దినమున మాత్రమే దాని అక్కర కలుగును. ఆ దినమున అది బాగుగా నున్నయెడల కరెంటంతయు ఆ తీగె వెంబడి పరుగెత్తి ఫ్యూజును కాల్చివేయును, యంత్రము ఆగిపోవును. అది తెగియున్నయెడల ఫ్యూజు కాలదు. యంత్రము తిరుగుచునే యుండును. దాని ఒళ్లంతయు 240 వోల్టులతో నిండియుండి, తడి నేలపై నిలువబడి దానిని తాకువానికొరకు కాచుకొనియుండును.

కువైటునందు ఇండ్లకు వచ్చు కరెంటు 240 వోల్టులది. తడిసిన చేతులు, తడిసిన పాదములుగల మనుష్యుని దేహము సుమారు 1500 ఓముల అడ్డు చూపునని అనుకొన్నయెడల, 240ని 1500చేత భాగింపగా 0.16 ఆంపియరు, అనగా 160 మిల్లీ ఆంపియర్లు వచ్చును. ఇది ఎంత? అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున చార్లెస్ డాల్జీల్ అను ఆచార్యుడు మనుష్యులపై జాగ్రత్తగా పరీక్షలు జరిపి, సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు దాటినయెడల పట్టుకొనిన చేయి విడువరాదని కనుగొనెను. చేతి కండరములు తమంతట తామే బిగిసికొనును. "కరెంటు పట్టుకొన్నది" అని మనవారనునది ఇదియే. నిజమునకు పట్టుకొన్నది చేయి. అంతకు ఎన్నో రెట్లైన 160 మిల్లీ ఆంపియర్లు ఎదరొమ్ము గుండ ఒకటి రెండు సెకనులు పోయినను గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. చెప్పులు తొడుగుకొనినవాడు బ్రదుకుట ఆ చెప్పులు పొడిగా నున్నంతవరకే. అదియును అతని రెండవ చేయి నీటి కొళాయిని తాకకున్నప్పుడే.

జివ్వుమనుట యంతయు ఒకే రకము కాదని కూడ చెప్పవలెను. కొన్ని క్రొత్త యంత్రములలో కరెంటును శుభ్రపరచుటకు చిన్న కెపాసిటర్లుండును. ఎర్తు లేనప్పుడు అవి యంత్రపు ఒంటిమీదికి అతి కొద్ది కరెంటును వదలును. వ్రేలు వెనుకకు త్రిప్పి రాచినప్పుడు నునుపు తప్పి గరగరలాడినట్లుండును. అంతమాత్రము ప్రాణము తీయదు. కాని ఎర్తు లేదని అది చెప్పుచున్నది. చిన్న జివ్వునకును పెద్ద జివ్వునకును భేదము చేతితో తెలిసికొనవలెననుకొనుట మాత్రము తగదు.

ఇక భూమి సంగతి. వానలు దండిగా కురియు కొండ తోటలలో నేల ఎప్పుడును చెమ్మగా నుండును. అట్టి నేలలో దిగగొట్టిన కడ్డీ కరెంటును బాగుగా పుచ్చుకొనును. తెలుగు పల్లెలలో ఎర్తు గుంట త్రవ్వి, బొగ్గును ఉప్పును పొరలుగా వేసి, ఎండకాలమున దానిలో నీళ్లు పోయుట పెద్దలెరిగినదే. చెమ్మ ఆరిపోకుండుటకే ఆ యేర్పాటు. కువైటునందు ఏడాది మొత్తముమీద కురియు వాన సుమారు 110, 120 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడి మిత్రిబా అను చోట 2016 జూలై 21వ తేదీన 53.9 డిగ్రీల వేడిమి నమోదైనది. ప్రపంచ వాతావరణ సంస్థ దానిని పరిశీలించి ఒప్పుకొన్నది. అట్టి ఎండలో ఇసుకయొక్క పై పొరలు ఆవిరి పట్టిన పొయ్యిమీది మూకుడువలె పొడిబారును. పొడి ఇసుక కరెంటును సరిగా పుచ్చుకొనదు. చెమ్మగల మంచి నేలలో ఎనిమిదడుగుల కడ్డీ యొకటి సుమారు 40 ఓముల అడ్డు చూపినయెడల, పొడి ఇసుకలో అదే కడ్డీ 400 ఓములు, అంతకు మించియు చూపవచ్చును. సముద్రపుటొడ్డున లోతు తక్కువగనే ఉప్పునీరు తగులు చోట్లు కలవు. అచ్చట కరెంటు సులభముగా పోవును గాని, ఆ ఉప్పు ఇనుమును తినివేయును.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడవలెను. 400 ఓముల కడ్డీ గుండ 240 వోల్టులు త్రోయగలిగినది 0.6 ఆంపియరు. గోడ ప్లగ్గులోని ఫ్యూజు 13 ఆంపియర్లది. అది ఆరునూరు సంవత్సరములైనను కాలదు! చెమ్మ నేలలోని 40 ఓముల కడ్డీయైనను 6 ఆంపియర్లే పంపును. దానికిని ఆ ఫ్యూజు కదలదు. కావున "ఇంటి వెనుక కడ్డీ పాతితిమి, ఎర్తు పెట్టితిమి" అని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. కడ్డీతో కూడ వేరొక కాపలా వలయును. మన ఎలక్ట్రీషియనులు ఎల్సీబీ యనియు ట్రిప్పరనియు పిలుచు పెట్టె యదియే. పోయిన కరెంటును తిరిగి వచ్చిన కరెంటును అది ఎల్లప్పుడు సరిచూచుచుండును. రెంటికి నడుమ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినయెడల, అంత కరెంటు దారి తప్పి భూమిలోనికో మనుష్యుని గుండనో పోవుచున్నదని యెంచి, సెకనులో మూడవ వంతైనను గడవకముందే కరెంటును తెగగొట్టును. దానికి 0.6 ఆంపియరు దండిగా చాలును.

పెట్టెమీద 30 మిల్లీ ఆంపియర్లనియో, 0.03 ఆంపియరనియో వ్రాసియున్నదా యని చూడవలెను. 100, 300 అని యున్నవి అగ్నిప్రమాదమును తప్పించుటకేగాని మనుష్యుని కాపాడుటకు కావు. దానిమీద "టి" అను అక్షరముగల మీట యొకటి యుండును. నెలకొకమారు దానిని నొక్కవలెను. నొక్కగానే కరెంటు పోవలెను. పోకున్నయెడల ఆ పెట్టె చచ్చినదని లెక్క. కొన్ని చోట్ల ఇది మాటిమాటికి పడిపోవుచున్నదని విసుగు చెంది, తీగెలను దాని ప్రక్కనుండి కలిపించుకొనుచుందురు. కుక్క మొరుగుచున్నదని దానిని చంపి దొంగకు త్రోవ చూపినట్లున్నది ఈ పని. అది పడిపోవుచున్నదనగా ఏదో ఒక యంత్రము కరెంటును కార్చుచున్నది. అన్ని ప్లగ్గులను ఊడదీసి, మీటను ఎత్తి, ఒక్కొక్కటిగా తగిలించినయెడల ఏది తగిలించినప్పుడు పడునో అదియే దోషి.

కువైటు గోడలలోని సాకెట్టును చూచినవారికి దాని మూడు చతురస్రపు రంధ్రములు తెలియును. ఇది బ్రిటిషువారి నమూనా, 1947లో ప్రకటింపబడినది. యుద్ధకాలమున దీనిని ఆలోచించిన సంఘములో కారొలైన్ హాస్లెట్ అను ఇంజనీరమ్మ యొక్కతెయే స్త్రీ. ఈ ప్లగ్గునందలి ఎర్తు పుల్ల తక్కిన రెంటికంటె పొడవు. అది ముందుగా లోనికి పోయి, లోపలి తలుపులను తెరచిన తరువాతనే కరెంటు పుల్లలు చొరగలవు. కరెంటు కంటె ముందు ఎర్తు అందవలెను, ఊడదీయునప్పుడు కరెంటు పోయిన తరువాతనే ఎర్తు విడువవలెను, పసిపిల్లలు రంధ్రములో పుల్ల దూర్చినను కరెంటు తగులకూడదు: ఈ మూడు మేలులును ఆ పొడుగు పుల్ల యొక్కదానివలననే కలుగుచున్నవి.

మనవారు ఆ గదులలో చేయునదేమి? ఊరినుండి తెచ్చిన వస్తువుయొక్క ప్లగ్గునకు గుండ్రని పుల్లలుండును. గోడలో చతురస్రపు రంధ్రములుండును. అప్పుడు కలము కొనతోనో, స్క్రూడ్రైవరుతోనో పై రంధ్రములో పొడిచి తలుపులు తెరచి, క్రింది రెండు రంధ్రములలో రెండు గుండ్రని పుల్లలను బలవంతముగా క్రుక్కుదురు. యంత్రము పనిచేయును. ఎర్తు మాత్రము ఇంటివద్దనే విడిచి వచ్చినట్లు. కొందరు అడాప్టరు కొందురు గాని, చవుక అడాప్టర్లలో అనేకములకు ఎర్తు రంధ్రము చూపుకు మాత్రమే. లోపల రేకు ఉండదు. ఎర్తు నిజముగా అవసరములేని వస్తువులును కలవు. చతురస్రములో చతురస్రము గీచిన గురుతు వానిమీద నుండును. రెండు పొరల తొడుగుచేత కాపాడబడినవని దాని యర్థము. ఆ గురుతు లేక ఇనుప ఒళ్లు గల వస్తువునకు మూడవ పుల్ల తప్పదు. అన్నిటికంటె మేలైనది, పాత ప్లగ్గును కోసివేసి, తెలిసినవాని చేత చతురస్రపు పుల్లల ప్లగ్గు వేయించుట. గోధుమరంగు తీగె ఫేజు, నీలము న్యూట్రలు, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు. 700 వాట్ల లోపు వస్తువునకు 3 ఆంపియర్ల ఫ్యూజును, అంతకు మించినదానికి 13 ఆంపియర్లదియు వేయవలెను.

బాగుచేయువారిలో నిపుణులును ఉన్నారు, తొందరపాటువారును ఉన్నారు. గోడలో ఎర్తు రానప్పుడు తొందరపాటువాడు సాకెట్టు లోపల ఎర్తు బిగింపును న్యూట్రలుకు ఒక తునక తీగెతో కలిపివేయును. జివ్వుమనుట వెంటనే ఆగును. గదివారు సంతోషించి కూలి ఇచ్చి పంపుదురు. కాని ఏ దినమున న్యూట్రలు తీగె వదులై ఊడునో, ఆ దినమున 240 వోల్టులు తిన్నగా యంత్రముయొక్క ఒంటిమీదికి వచ్చును. దోషమే లేని యంత్రము కూడ చంపునదగును. మరియొకడు ఎర్తు తీగెను నీటి గొట్టమునకు చుట్టును. గొట్టము ప్లాస్టికుదైనయెడల అది ఎర్తు కాదు. ఇనుపదైనయెడల పై యంతస్తులో కొళాయి త్రిప్పువానికి కరెంటు కొట్టును. నాలుగవ యంతస్తుననున్న గదికి కడ్డీ పాతుటకు చోటెక్కడిది? కట్టడము మొత్తమునకు గల ఎర్తు తీగె ఆ గది సాకెట్టువరకు వచ్చియుండవలెను. రాకున్నయెడల అది కట్టడపు యజమాని చేయింపవలసిన పని. అతనిని అడుగుట సులభము కాదు. ఆరుగురును కలిసి, కట్టడపు కాపలాదారు ద్వారా అడుగుట ఒక్కడు అడుగుటకంటె మేలు.

నీళ్లు కాచు గీజరును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. వేసవిలో మిద్దెమీది తొట్లలోని నీళ్లే కాగి వచ్చును గనుక గీజరును ఆపివేయుదురు. లోపలి కాచు కడ్డీ మాసములతరబడి చల్లగా పడియుండి, తొడుగు పగులులగుండ చెమ్మను పీల్చుకొనును. చలికాలము రాగానే మొదటిసారి మీట వేసినప్పుడు ఆ చెమ్మ గుండ కరెంటు నీటిలోనికి కారవచ్చును. ఆ మొదటి దినమున మీట వేసి నీళ్లు కాచి, మీట తీసిన తరువాతనే స్నానమునకు పోవుట మంచిది. ట్రిప్పరు పడినయెడల ఆ కాచు కడ్డీని మార్పించవలెను.

యజమానుల ఇండ్లలో పనిచేయు అక్కచెల్లెండ్రకు యంత్రమును విప్పుటకు అధికారము లేదు, విప్పనక్కరయు లేదు. కాని మాట చెప్పవచ్చును. కరెంటును అక్కడివారు కహ్రబా అందురు, బట్టలుతుకు యంత్రము ఘస్సాలా, చెడిపోయినది ఖర్బాన్. "మామా, ఘస్సాలా ఖర్బాన్, ఫీ కహ్రబా" యని చేయి వెనుకకు లాగి చూపినయెడల ఏ యజమానురాలికైనను బోధపడును. సిగ్గుపడి ఊరకుండి, గుడ్డ చుట్టుకొని తీయుట అలవాటు చేసికొనరాదు. ఆ యింటి పిల్లలును ఆ యంత్రమునే తాకుదురు.

ఎర్తు దోషము వేరు, తీగెలు వేడెక్కి నిప్పంటుకొనుట వేరు; అయినను రెండవదానిని మరచుటకు వీలులేదు. 2024 జూన్ 12వ తేదీ తెల్లవారుజామున మంగాఫ్‌లో పనివారు నివసించు కట్టడమొకటి అంటుకొని సుమారు 50 మంది మరణించిరి. వారిలో అత్యధికులు భారతీయులు. ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు ముగ్గురు. క్రింది యంతస్తులో కాపలాదారు గదియందు కలిగిన విద్యుత్ షార్టు సర్క్యూటు దానికి కారణమని అగ్నిమాపక శాఖవారు విచారించి చెప్పిరి. ఒక్క సాకెట్టునుండి ఒక్క పొడుగు బోర్డునకు ఎంత మోపవచ్చునో ఇది చదువువారు లెక్కించి చూచుకొనవలెను: 240ని 13చేత గుణింపగా 3120 వాట్లు. నీళ్లు కాచు కెటిలు 2000, ఇస్త్రీపెట్టె 1200 వాట్లు పుచ్చుకొనునవైనయెడల ఆ రెంటితోనే హద్దు దాటినది. బోర్డు తీగె పరుపు క్రిందనో తివాచీ క్రిందనో ఉన్నచో దాని వేడి బయటికి పోవుటకు దారియుండదు. ప్లగ్గు తీయునప్పుడు వెచ్చగా తగిలినను, సాకెట్టు అంచు నల్లబడినను, దానిని మరునాటికి వాయిదా వేయరాదు.

ఎవరికైనను కరెంటు కొట్టి చేయి విడువనప్పుడు అతనిని పట్టి లాగరాదు, లాగినవాడును అంటుకొనును. మొదట మీట ఆపవలెను. మీట అందనప్పుడు పొడి కఱ్ఱతోనో ప్లాస్టికు కుర్చీతోనో తీగెను త్రోసివేయవలెను. శ్వాస లేనియెడల 112కు ఫోను చేయించి, ఎదరొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములవరకు, రెండంగుళముల లోతున అదుముచుండవలెను. సహాయము వచ్చువరకు ఆపరాదు.

ఇంటినుండి కువైటునకు ఇస్త్రీపెట్టెయో పిండి రుబ్బు గ్రైండరో పంపదలచినవారు పెట్టె కట్టుటకు ముందు చేయదగిన పరీక్ష యొకటి కలదు. దీనికి టార్చిలైటు బల్బొకటి, దానికి తగిన బ్యాటరీలు, రెండు తీగె ముక్కలు చాలును. వస్తువుయొక్క ప్లగ్గు గోడనుండి తీసియుండవలెను, ఇది మరువరాదు. బ్యాటరీయు బల్బును వరుసగా కలిపి, ఒక తీగె కొనను ప్లగ్గులోని పెద్ద పుల్లకును, రెండవ కొనను వస్తువుయొక్క రంగు పూయని ఇనుప భాగమునకును తాకింపవలెను. బల్బు వెలిగినయెడల లోపలి ఎర్తు తీగె తెగలేదు. వెలుగుచుండగా వస్తువుయొక్క తీగెను మొదటినుండి చివరివరకు మెల్లగా వంచుచు కదల్పవలెను. ఒక చోట వంచినప్పుడు బల్బు ఆరి మరల వెలిగినయెడల తీగె అచ్చట విరిగి పోగులమీద నిలిచియున్నదని యర్థము. ఈ పరీక్ష వస్తువు సగమును మాత్రమే చెప్పును. గోడ సగమును అక్కడి ఎలక్ట్రీషియను మీటరుతో చూడవలెను. బల్బు వెలుగనియెడల ఆ వస్తువునకు క్రొత్త మూడు తీగెల కార్డు వేయించి, మరల బల్బు పెట్టి చూచిన తరువాతనే పెట్టెలో సర్దవలెను.